ఒక్క ఉత్తరానికి ఆరు రోజులు: గింజా నుంచి కోబె దాకా

జపాన్ స్టేషనరీ అంటే చాలామందికి పిల్లి బొమ్మల ఎరేజర్లు, పండ్ల వాసన వేసే పెన్నులు గుర్తొస్తాయి. అవీ దొరుకుతాయి కానీ ఆ దుకాణాల్లో మనసుకు హాయినిచ్చేది అది కాదు. ఉత్తరం రాయడానికి కూర్చున్న మనిషి ఎక్కడెక్కడ ఆగిపోతాడో అక్కడి కాగితం వాళ్ళు ఎప్పుడో పసిగట్టారు. ఏం రాయాలో తోచనివాడి కోసం ఐదారు వరుసలకే అయిపోయే కాగితం చేశారు. ఎంత రాస్తాడో తనకే తెలియనివాడి కోసం ఎక్కడైనా చింపుకోగలిగే కాగితం చేశారు. మొదటి వాక్యం కుదరనివాడి కోసం నెలకో పలకరింపు తయారుగా పెట్టారు. ఈ యాత్ర ఆ వస్తువుల వెంట సాగుతుంది. రోజుకొకటి సమకూర్చుకుంటూ వెళ్తే ఆరో రోజుకి ఒక ఉత్తరం పోస్టు డబ్బాలో పడుతుంది.

బయలుదేరడానికి నవంబరు మధ్య మంచిది. కొత్త ఏడాది కార్డులు, డైరీలు అన్నీ అప్పటికే అరల్లోకి వచ్చేస్తాయి. సోమవారం మొదలుపెడితే సెలవు రోజుల చిక్కులు చాలావరకు తప్పుతాయి. నవంబరు 3, 23 మాత్రం ప్రభుత్వ సెలవులు, ఆ వారాలు చూసుకోవాలి.

మొదటి రోజు, సోమవారం: గింజా

టోక్యో గింజాలో ఎర్రటి పేపర్‌క్లిప్ గుర్తు కనిపిస్తే అదే ఇతోయా. 1904 నాటి దుకాణం. ఇప్పుడున్న పన్నెండంతస్తుల భవనం 2015లో తెరిచారు. పదకొండో అంతస్తులో కూరాకులు పెంచుతారు, పన్నెండులో వాటినే వడ్డించే కేఫ్ ఉంది. వెనక వీధిలో మరో భవనం కూడా వీళ్ళదే. కింది నుంచి ఒక్కో అంతస్తూ ఎక్కుతూ వెళ్తే నాలుగోదానికే చేతిలో బుట్ట నిండిపోతుంది, కాళ్ళు లాగుతాయి. లిఫ్టులో పైకి వెళ్ళి దిగుతూ రావడం మేలు. పెన్నులు మూడో అంతస్తులో, ఉత్తరాల సామాను రెండో అంతస్తులో ఉండటంతో అసలు పని చివర్లో తగులుతుంది.

రెండో అంతస్తులో రాసుకోవడానికి బల్ల, పక్కనే పోస్టు డబ్బా ఉన్నాయి. కొన్న కార్డు అక్కడే రాసి అక్కడే వేసేయొచ్చు. కొన్న కాగితం ఇంటికెళ్ళాక బీరువాలో పడి పసుపెక్కడం అన్ని దేశాల్లోనూ ఉన్న జబ్బు. ఆ డబ్బా దానికి మందు.

ఇక్కడ కొనాల్సింది ‘ఇప్పిత్సుసెన్’. సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు ఉండే సన్నటి కాగితాల పుస్తకం. పాత చీర పంపిస్తూనో, అప్పు పుస్తకం తిరిగిస్తూనో నాలుగు ముక్కలు రాసి పెట్టడానికి వాడతారు. మడతల్లేకుండా సన్న కవరులో ఇట్టే ఇమిడిపోతుంది. దీని గొప్పతనం ఒక్కటే: చోటు తక్కువ కాబట్టి తక్కువ రాయడం తప్పు కాదు. పూర్తి సైజు కాగితం మీద నాలుగు వాక్యాలు రాస్తే మిగిలిన తెల్లదనం వెక్కిరిస్తుంది. దీని మీద అవే నాలుగు వాక్యాలు నిండుగా కనిపిస్తాయి.

తెలుగు రాసేవాళ్ళు గీతలు చూసుకుని కొనాలి. జపాన్ నోటుబుక్కుల్లో ‘ఎ’ గీత అంటే 7 మిల్లీమీటర్ల ఎడం, ‘బి’ అంటే 6. వాళ్ళ అక్షరాలన్నీ ఒక చతురస్రంలో కుదురుగా కూర్చుంటాయి కాబట్టి వాళ్ళకి అది చాలు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. పై వరుసలో ‘రాష్ట్రం’ రాస్తే దాని ఒత్తులు వెళ్ళి కింది వరుసలో ‘పెళ్ళి’ ఎత్వానికి తగులుతాయి. 8 మిల్లీమీటర్లకి తక్కువైతే వద్దు. గీతల్లేని కాగితం తీసుకుని అడుగున గీతల పేజీ పెట్టుకోవడం ఇంకా నయం. చాలా ప్యాడ్లతో ఆ అడుగు పేజీ కూడా ఇస్తారు. మరో ఉపాయం ఉంది. నిలువు గీతల ఇప్పిత్సుసెన్‌ని అడ్డంగా తిప్పండి. గీతల మధ్య సెంటీమీటరు దాకా చోటుంటుంది, తెలుగు హాయిగా నడుస్తుంది. మూలన అచ్చేసిన చామంతి బొమ్మ పక్కకి పడుకుంటుంది, అంతే.

మూడో అంతస్తులో పాళీ దగ్గర కూడా ఇలాంటి లెక్కే. పైలట్, సెయిలర్, ప్లాటినం పెన్నుల ‘ఎఫ్’ పాళీ యూరప్ పెన్నుల ‘ఎఫ్’ కంటే దాదాపు ఒక సైజు సన్నం. కంజీ అనే వాళ్ళ లిపిలో ఇరవై గీతలు ఒక్క గడిలో ఇరికించాలి మరి. ఒత్తులకి సన్నపాళీ బాగుంటుంది కానీ మన అక్షరాల్లో మలుపులెక్కువ, మరీ సన్నదైతే కాగితాన్ని గీరుతుంది. ‘ఎఫ్’ కీ ‘ఎం’ కీ మధ్య ‘ఎంఎఫ్’ అడిగి రాసి చూడాలి. రాసి చూసేటప్పుడు అందరిలా సున్నలు చుట్టడం కాదు, ‘జ్ఞా’ రాయండి, ‘క్ష్మి’ రాయండి. అక్కడ తేలిపోతుంది. బాల్‌పెన్ను నొక్కి రాసే అలవాటున్న చేయి ఇక్కడ బరువు తగ్గించాలి, లేకపోతే పాళీ రెండు పాయలూ విడిపోతాయి.

పక్క అరలో ఫ్రిక్షన్ పెన్నులుంటాయి. రాసింది రబ్బరు కొనతో రుద్దితే పోతుంది. నిజానికి చెరిపేది రబ్బరు కాదు, రుద్దితే పుట్టే వేడి. 60 డిగ్రీలు దాటితే ఆ సిరా రంగు మాయమవుతుంది. నోట్సుకి బంగారం లాంటి పెన్ను, ఉత్తరానికీ చిరునామాకీ మాత్రం పనికిరాదు. మే నెలలో విజయవాడలో తలుపులు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద ఆ ఉత్తరం పెట్టి గుడికెళ్ళొస్తే తెల్లకాగితం మిగులుతుంది. ఫ్రీజర్లో సున్నాకి పది, ఇరవై డిగ్రీల దిగువన పెడితే అక్షరాలు తిరిగొస్తాయి కానీ చెరిపేసిన తప్పులతో సహా వస్తాయి.

కింద నెంగాజో అర చూడకుండా వెళ్ళకూడదు. ఇవి కొత్త ఏడాది కార్డులు. డిసెంబరు 15 నుంచి 25 లోపు వేస్తే తపాలావాళ్ళు పోగుచేసి జనవరి 1నే ఇళ్ళకి చేరుస్తారు. 2004 కొత్త ఏడాదికి తపాలా శాఖ దాదాపు 446 కోట్ల కార్డులు తెచ్చింది. 2025కి అవి 107 కోట్లకి పడిపోయాయి. ఆ అర చివరన బూడిదరంగు, లేత ఊదా అంచులతో కొన్ని కార్డులు విడిగా ఉంటాయి. వాటి పేరు ‘మోచూ’. ఇంట్లో మనిషి పోయినవాళ్ళు, ‘ఈసారి మేం పండగ పలకరింపులు పంపడం లేదు’ అని ఏడాది ముగిసేలోపే తెలిపే కార్డులివి. ‘ఏడాది దాకా మాకు పండగ లేదండీ’ అని మన ఇళ్ళల్లో చెప్పుకునే మాటే అది. వాళ్ళు దానికీ ఒక కాగితం తయారుచేశారు. చెప్పలేని మాటని గొంతు నుంచి కాగితం మీదికి మార్చడం ఎంత ఊరటో ఆ అర ముందు నిలబడితే తెలుస్తుంది.

సాయంత్రం క్యూక్యోదో అనే పాత దుకాణం గింజా శాఖకి వెళ్ళొచ్చు. దాని ముందున్న జాగా ధర దేశంలోకెల్లా ఎక్కువని ఏటా పేపర్లలో వస్తుంది. లోపల మాత్రం విడి పోస్టుకార్డులు ఎవరైనా కొనగలిగే ధరే. ఎక్కువ కొనొద్దు, అసలు దుకాణం క్యోతోలో ఉంది.

రెండో రోజు, మంగళవారం: నిహోన్‌బాషి, మారునోఉచి

నిహోన్‌బాషి పోస్టాఫీసు గోడ పక్కన ఒక పెద్దమనిషి విగ్రహం ఉంటుంది. పేరు మయేజిమా హిసొకా. 1871లో జపాన్ కొత్త తపాలా పద్ధతి మొదలుపెట్టింది ఆయన, మొదలైంది ఈ చోటే. ఒక యెన్ స్టాంపు మీద ఉన్న ముఖమూ ఆయనదే. తొలినాళ్ళ పోస్టు డబ్బాలు నల్లవి. 1901 నుంచి ఎరుపు వచ్చింది. ప్రతి నెలా 23వ తేదీని ఉత్తరాల రోజు అంటారు. రెండుని ‘ఫు’ అని, మూడుని ‘మి’ అని పలికితే ‘ఫుమి’ అవుతుంది, అంటే ఉత్తరం. జులై 23కి ప్రత్యేకంగా స్టాంపులు వేస్తారు.

అక్కడికి దగ్గర్లోనే హైబరా. 1806లో మొదలైన ఈ దుకాణం గంపి కాగితంతో పేరు తెచ్చుకుంది. గంపి పొద నార సన్నగా, మెరుస్తూ ఉంటుంది. దాంతో చేసిన కాగితం మీద సిరా పాకదు, పురుగూ త్వరగా పట్టదు. ఇక్కడ వెతకాల్సింది ‘జబారా బిన్‌సెన్’, విసనకర్రలా మడతపెట్టిన పొడవాటి ఉత్తరం కాగితం. ప్రతి మడత దగ్గరా చింపడానికి సన్నటి చిల్లులుంటాయి. రాసుకుంటూ పోయి, మాట ఎక్కడ అయిపోతే అక్కడ చింపేయడమే. మడతలు ముందే ఉన్నాయి కాబట్టి మడిచిన కాగితం దాని చిన్న కవరులో సరిగ్గా కూర్చుంటుంది. పూర్వం చుట్టగా ఉన్న కాగితం మీద కుంచెతో రాస్తూ పోయి కత్తిరించేవారు, ఆ అలవాటుకి ఇది చిన్న రూపం. నీలం ఇన్‌ల్యాండ్ కవరులో చోటు చాలక అంచుల వెంట తిప్పి తిప్పి రాసిన తరానికి దీన్ని చూస్తే కొంచెం అసూయ పుడుతుంది. చింపేటప్పుడు మాత్రం మడతని అటూ ఇటూ రెండుసార్లు వంచి గోరుతో రాసి చింపాలి. ఒకేసారి లాగితే చీలిక అక్షరాల్లోకి వెళ్తుంది.

నిహోన్‌బాషిలోనే ఓజు వాషి అనే దుకాణం ఉంది. 1653 నాటిది, ఆదివారం సెలవు. రకరకాల వాషి, అంటే జపాన్ చేతికాగితాలు, విడి షీట్లుగా అమ్ముతారు. మనవాళ్ళు తరచు పొరబడేది ఇక్కడే. కోజో అనే చెట్టు నారతో చేసిన అందమైన కాగితం కొని దాని మీద ఫౌంటెన్ పెన్నుతో రాస్తారు. సిరా దూదిలోకి ఇంకినట్టు పాకుతుంది, నార పోగు పాళీ సందులో ఇరుక్కుంటుంది, రెండు వరుసల తర్వాత పెన్ను మొరాయిస్తుంది. దీనికి కారణం కాగితంలో జిగురు పూత లేకపోవడం. పటిక, జంతు జిగురు కలిపిన ‘దోసా’ పూసిన కాగితమైతే సిరా నిలుస్తుంది. (పేరు చూసి నోరూరినా పెనానికి సంబంధం లేదు.) కొనేముందు దోసా ఉందో లేదో అడగాలి. లేదంటే కుంచె పెన్నుతోనే రాయాలి.

మధ్యాహ్నం టోక్యో స్టేషన్ ఎదురుగా కిత్తె అనే భవనం. పాత కేంద్ర పోస్టాఫీసు ముఖభాగాన్ని ఉంచి వెనక కొత్తగా కట్టి 2013లో తెరిచారు. ‘కిత్తె’ అంటే స్టాంపు, ‘రండి’ అనే మాటకీ దగ్గరి శబ్దం. కింది అంతస్తులో పోస్టాఫీసు ఇప్పటికీ నడుస్తోంది. కౌంటరు దగ్గర ‘ఫూకేయిన్’ అని అడగండి. ఆ ఊరి గుర్తులు చెక్కిన గుండ్రటి ముద్ర అది, ఎర్రమట్టి రంగులో పడుతుంది. పోస్టుకార్డు రేటుకి తగ్గని స్టాంపు అంటించి ఉండాలి. ముద్ర కొట్టించుకుని కార్డు వెంట తీసుకెళ్ళొచ్చు, అక్కడే పోస్టులోనూ వేయొచ్చు. ఏది కావాలో ముందే చెప్పాలి. నున్నటి ఫోటో కార్డుల మీద ఆ సిరా త్వరగా ఆరదు, వేలు తగిలితే చారిక పడుతుంది. గరుకు కార్డు ఎంచుకోవాలి, లేదా పైన పల్చటి కాగితం పెట్టించుకోవాలి.

రేట్లు 2024 అక్టోబరు 1న మారాయి. దేశంలో పోస్టుకార్డుకి 85 యెన్‌లు, 50 గ్రాముల లోపు మామూలు సైజు ఉత్తరానికి 110. మామూలు సైజు అంటే పొడవు 23.5, వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు, మందం సెంటీమీటరు దాటకూడదు. దాటితే అదే బరువుకి 140. చతురస్రపు కవర్లు ముచ్చటగా ఉంటాయి కానీ వెడల్పు 12 దాటిపోయి ఈ లెక్కలో పడతాయి. లక్క ముద్రలూ అంతే. మందం పెంచుతాయి, ఏరే యంత్రంలో పగులుతాయి. విదేశాలకి విమానంలో పోస్టుకార్డు ఎక్కడికైనా 100 యెన్‌లు.

మూడో రోజు, బుధవారం: కురమాయె, స్కైట్రీ

సుమిదా నది పక్కన కురమాయెలో కకిమొరి అనే దుకాణం. సోమవారం సెలవు, ఉదయం తొందరగా తెరవరు. ఇక్కడ నోటుబుక్కుని ముక్కలు ముక్కలుగా ఎంచుకుంటాం. ముందు అట్ట, వెనక అట్ట, లోపలి కాగితం, రింగు రంగు, మూసే బొత్తామో రబ్బరో తీసి పళ్ళెంలో పెట్టి ఇస్తే కళ్ళ ముందే బైండు చేసి ఇస్తారు. లోపలి కాగితాన్ని రెండు మూడు రకాలు కలపొచ్చు. ముందు సగం గీతలున్నది, వెనక సగం గీతల్లేనిది పెట్టించుకుంటే చిత్తుప్రతికీ ఉత్తరానికీ ఒకే పుస్తకం సరిపోతుంది. వారాంతంలో జనం ఎక్కువ, బుధవారం నయం.

సిరా కలుపుకునే చోటుకి ముందుగా సమయం తీసుకోవాలి. రంగులు చుక్కల లెక్కన కలుస్తాయి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుని ఒక్కో చుక్కే వేయాలి. తిరగేసి చేస్తే ఎంత పసుపు పోసినా నలుపు విరగదు. గాజుపాత్రలో తడిగా ఉన్నప్పుడు సిరా ముదురుగా అనిపిస్తుంది. కాగితం మీద గీసి ఆరేదాకా ఆగి అప్పుడు నిర్ణయించాలి. ఇది పిగ్మెంట్ సిరా, ఆరితే నీళ్ళకి చెదరదు, చిరునామాకి శ్రేష్ఠం. అదే గుణం పెన్నుకి ముప్పు: లోపల ఎండితే వదలదు. రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి, సిరా నేరుగా పోసే కలాల్లో నెలల తరబడి ఉంచడానికి పనికిరాదు. వారానికోసారైనా రాయాలి, మార్చేటప్పుడు చల్లటి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి.

స్కైట్రీ టవరు పక్క భవనం తొమ్మిదో అంతస్తులో తపాలా మ్యూజియం ఉంది. 2014లో ఇక్కడ తెరిచారు. బయటికి లాగి చూసే చట్రాల్లో ప్రపంచం నలుమూలల స్టాంపులు సుమారు 3 లక్షల 30 వేలు. అన్నీ చూడటం అయ్యే పని కాదు. భారతదేశం చట్రం లాగి, తర్వాత జపాన్ తొలి స్టాంపులు చూసి వచ్చేస్తే గంట చాలు.

రాత్రికి కాగితం బరువుల లెక్క చూసుకోవచ్చు. తోమోయె రివర్ అనే పల్చటి కాగితం చదరపు మీటరుకి 52 గ్రాములు. ఒక ఎ4 షీటు మూడు గ్రాముల పైచిలుకు. మన ఆఫీసుల్లో వాడే 80 గ్రాముల రకమైతే ఒక షీటు ఐదు గ్రాములు. విదేశీ ఉత్తరంలో మొదటి మెట్టు 25 గ్రాములే. కవరు ఐదు గ్రాములనుకుంటే పల్చటివి ఆరు షీట్లు పడతాయి, మామూలువి నాలుగు పెడితే అంచు మీద నిలుస్తుంది. ఈ కాగితం మీద సిరా ఆరడానికి టైము పడుతుంది, వెనక్కి నీడ కనిపిస్తుంది కాబట్టి ఒకవైపే రాయాలి. దీన్ని మొదట చేసిన తోమోయెగావా ఆపేశాక సన్‌జెన్ అనే మిల్లు తయారీని చేపట్టింది. పాత సరుకే గొప్పదని ఎక్కువ ధర పెట్టేవాళ్ళున్నారు. ఉత్తరం రాసుకునేవాళ్ళకి ఆ గొడవ అక్కర్లేదు.

నాలుగో రోజు, గురువారం: ఎచిజెన్

టోక్యో నుంచి హొకురికు షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఎచిజెన్-తకెఫు స్టేషన్‌కి సుమారు మూడు గంటలు. ఆ లైను 2024 మార్చి 16న ఈ స్టేషన్ మీదుగా త్సురుగా దాకా పొడిగించారు. స్టేషన్ నుంచి కాగితం ఊళ్ళకి బస్సుల కోసం చూస్తే పూట గడిచిపోతుంది, టాక్సీ మేలు. చేతికాగితం చేయించే పాపిరస్ భవనం, పాత పద్ధతి చూపించే ఉదాత్సు ఇల్లు పక్కపక్కనే. మంగళవారం సెలవుగా ఉంటుంది, అందుకే గురువారం పెట్టుకున్నాం.

కాగితం చేసే ఈ ఊరికి ఒక దేవత ఉంది. కవకామి గొజెన్, అంటే ఏటి ఎగువన ఉండే అమ్మ. ఇక్కడ పొలం పండదు, నీళ్ళు మాత్రం తేట, కాగితం చేసుకు బతకండని నేర్పి వెళ్ళిందట. ఆమె గుడి 1843లో కట్టింది. పైకప్పు మీద పైకప్పు అలలు లేచినట్టుంటుంది. మెల్లగా చుట్టూ తిరిగి చూడాలి.

ఇక పని. కోజో మన హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులకి ఆకు వేసే మల్బరీకి దగ్గరి చుట్టం. చలికాలంలో కొమ్మలు నరికి ఆవిరి పట్టి బెరడు ఊడదీస్తారు. పై నల్లపొర గీకేసి తెల్లనార మిగుల్చుతారు. సోడా నీళ్ళలో ఉడికించి, కడిగి, పారే నీటిలో కూర్చుని నారలోని నలుసులు ఒక్కొక్కటే చేత్తో ఏరతారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, కాకపోతే చేతులు గడ్డకట్టే నీళ్ళలో. తర్వాత దంచి తొట్టెలో కలుపుతారు.

అందులో మరో దినుసు పడాలి. తొరొరొ-అయోయి అనే మొక్క వేరు నుంచి తీసిన జిగట. ఆ మొక్క బెండ కుటుంబానిది. బెండకాయ తరిగాక వేళ్ళకి అంటుకునే జిగురు గుర్తు తెచ్చుకుంటే అదెలా ఉంటుందో తెలిసిపోతుంది. చాలామంది దాన్ని పోగుల్ని అతికించే జిగురనుకుంటారు, కాదు. అది నీటిని చిక్కబరిచి పోగులు అడుక్కి దిగకుండా, ఉండకట్టకుండా తేల్చి ఉంచుతుంది. జల్లెడ గుండా నీరు నెమ్మదిగా దిగేలా చేస్తుంది. అందుకే చేసేవాళ్ళకి చట్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపి పోగుల్ని అల్లే వ్యవధి దొరుకుతుంది. తడి షీట్ల మధ్య ఏమీ పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి నొక్కినా మర్నాడు విడివిడిగా వచ్చేది కూడా దాని పుణ్యమే. వేడి తగిలితే ఆ జిగట పలచబడిపోతుంది. మంచి కాగితం చలికాలపు పని అవడానికి అదొక కారణం.

సందర్శకులు చేసే షీటుకి అరగంట లోపే పడుతుంది. చట్రాన్ని నిలువుగా ముంచి, బల్లపరుపుగా లేపాలి. లేపాక వెంటనే ఊపాలి. ఒక్క క్షణం బెదిరి ఆగితే గుజ్జు ఒక మూలకి చేరి అక్కడ మందంగా, అవతల గాలాడేంత పల్చగా వస్తుంది. ముంజేతి నుంచి ఒక నీటిబొట్టు తడి షీటు మీద పడిందంటే అక్కడ గుండ్రటి పల్చటి మచ్చ మిగిలిపోతుంది. చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకోవాలి, గాజులు తీసేయాలి. ఎండుటాకు, పూరేకు పరుస్తారు కదా, వాటి మీద మళ్ళీ పల్చటి గుజ్జు పొర పోయకపోతే ఆరాక రాలిపోతాయి. మచ్చలున్న షీటుని పారేయొద్దు. నాలుగు ముక్కలు చేస్తే నాలుగు పోస్టుకార్డులు. పోస్టుకార్డు కొలత 10, 14.8 సెంటీమీటర్లు.

సాయంత్రం షింకన్‌సెన్‌లో త్సురుగా దాకా, అక్కడ మారి థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్‌లో క్యోతోకి.

ఐదో రోజు, శుక్రవారం: క్యోతో తెరమాచి

తెరమాచి వీధిలో హొన్నోజి గుడి ఎదుట క్యూక్యోదో అసలు దుకాణం. 1663లో మందుల దినుసుల కొట్టుగా మొదలై అగరుబత్తి, కుంచె, కాగితంలోకి మారింది. లోపలికి అడుగుపెట్టగానే అగరు వాసన వస్తుంది. ఉత్తరాలకి సంబంధించినది ‘ఫుమికో’. సుగంధపు పొడిని వాషిలో చుట్టిన నాణెమంత పొట్లం, పువ్వు ఆకారంలోనో విసనకర్ర ఆకారంలోనో ఉంటుంది. కవరులో వేస్తే విప్పినప్పుడు వాసన వస్తుంది. రాసిన కాగితంతో కలిపి ఒక రాత్రి డబ్బాలో మూసిపెడితే చాలు, పొట్లం పంపకపోయినా వాసన వెళ్తుంది, మందం పెరగదు.

ఉత్తరం మాటలకి ఇవాళ సమయమివ్వాలి. జపాన్‌లో మర్యాద ఉత్తరం ‘హైకెయ్’తో మొదలై ‘కెయిగు’తో ముగుస్తుంది. ‘గారికి నమస్కరించి వ్రాయునది’తో మొదలై ‘ఇట్లు’తో ముగిసినట్టు. ‘హైకెయ్’ తర్వాత వాతావరణం మాట రావాలి. నవంబరైతే ఆకులు ఎర్రబారడమో, ఉదయపు చలో. ఆ తర్వాత అవతలివాళ్ళ క్షేమం, అప్పుడు అసలు సంగతి. మన ‘ఉభయకుశలోపరి’ చేసిన పనే ఇది. ఆ మాట పాతబడిందని వదిలేశాం, దాంతోపాటు మొదటి వాక్యం రాయడమూ కష్టమైపోయింది. కట్టుబాటు చేతిని కట్టేస్తుందనుకుంటాం కానీ తెల్లకాగితం ముందు కూర్చున్నవాడికి అది ఊతకర్ర.

కాగితం ఒక్కటే అయితే వెనక ఖాళీ షీటు ఒకటి జతచేయడం పాత మర్యాద. సంతాపపు ఉత్తరంలో మాత్రం అలా పెట్టకూడదు, లోపల పొర ఉన్న రెండు పొరల కవరూ వాడకూడదు. దుఃఖం మళ్ళీ మళ్ళీ రావాలని కోరినట్టవుతుందని. కుంచెతో రాసే సంతాపంలో సిరా పలచన చేస్తారు, కన్నీళ్ళు కలిశాయన్న భావంతో. శుభలేఖ మూలలకి పసుపు పూసి, చావు కబురు ఉత్తరాన్ని చదవగానే చింపేసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఈ పట్టింపులు వింతగా తోచవు. ఎర్రసిరాతో ఉత్తరం రాయడం అక్కడ మొరటు. పెద్దలకి పంపే కవరుని టేపుతో కాక జిగురుతో మూసి, అతుకు మీద కత్తెర ఆకారంలో చిన్న గుర్తు గీస్తారు.

నిలువు కవరుకి స్టాంపు ఎడమ పై మూలన. అడ్డం కవరుకి కుడి పై మూలన. పేరు తర్వాత ‘సమ’ చేర్చడం మరిచిపోతే మనం ‘గారు’ మింగేసినట్టే. వాళ్ళ తపాలా సంఖ్య 1998 నుంచి ఏడంకెలు, ఎర్ర గడులు దానికే. తెలుగునాట ఉన్నవాళ్ళకి రాసేటప్పుడు ఆ గడుల్లో మన ఆరంకెల పిన్ ఇరికించొద్దు, యంత్రం తికమకపడుతుంది. గడుల్లేని కవరు తీసుకుని చిరునామా ఇంగ్లీషులో రాసి, చివరి వరుసలో దేశం పేరు పెద్ద అక్షరాల్లో రాయాలి. విమానపు తపాలా అన్న మాట ఎడమవైపు. లోపల ఉత్తరమంతా తెలుగులోనే ఉండొచ్చు.

కొన్న సరుకు బరువైతే క్యోతోలోని ఒక పెద్ద పోస్టాఫీసు నుంచి ఇవాళే పంపేయాలి. చిన్న ప్యాకెట్టు రెండు కిలోల దాకా. వస్తువులున్న ప్యాకెట్టుకి వివరాలు ముందే ఆన్‌లైన్లో నింపి లేబులు అచ్చు వేయించుకోవాలి. చేతిరాత లేబులు తీసుకోరు! చేతిరాత కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళకి ఇదొక చమత్కారం. ఉత్తరం మాత్రమే ఉన్న కవరుకి ఆ బెడద లేదు.

ఆరో రోజు, శనివారం: కోబె

క్యోతో నుంచి కోబెలోని సన్నొమియా స్టేషన్‌కి జపాన్ రైల్వే (జేఆర్) వేగపు రైల్లో దాదాపు యాభై నిమిషాలు. ఇక్కడి నగసావా 1882 నాటి దుకాణం. 1995 జనవరి 17 భూకంపం ఈ ఊరిని కూల్చేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఊరు నిలదొక్కుకున్నాక, ఆ దుకాణంలో పనిచేసే ఒకాయన అప్పట్లో ఆదుకున్నవాళ్ళకి కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరాలు రాయాలనుకున్నాడు. ఏ రంగుతో రాయాలన్న ఆలోచనలోంచి ఊరి రంగుల సిరా పుట్టింది. రొక్కో కొండ ఆకుపచ్చ, రేవు నీలం, పాత విదేశీయుల పేట సెపియా, ఈ మూడూ 2007లో మొదలయ్యాయి. సెయిలర్ కంపెనీ తయారుచేసి ఇస్తుంది. తర్వాత రంగులు పెరుగుతూ పోయి ఊరి పేటలన్నీ సీసాల్లోకి ఎక్కాయి.

ఉత్తరానికైతే మొదటి మూడింట్లోంచే తీసుకోవచ్చు. లేత రంగులు సీసాలో కళ్ళు చెదరగొడతాయి, సన్నపాళీతో రాస్తే అరవై దాటినవాళ్ళు చదవలేరు. ఇవి డై సిరాలు, నీటిబొట్టు పడితే చెదిరిపోతాయి. ఉత్తరం లోపల ఈ రంగుతో రాసి, కవరు మీద చిరునామాకి కురమాయె పిగ్మెంట్ సిరానో మామూలు బాల్‌పెన్నో వాడాలి. సీసా 50 మిల్లీలీటర్లు. చేతిసంచిలో తీసుకెళ్ళొచ్చు కానీ మూతకి టేపు చుట్టి, జిప్ కవరులో పెట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య దాచడం మంచిది. పెన్నుని విమానంలో పూర్తిగా నింపిగానీ, పూర్తిగా ఖాళీ చేసిగానీ తీసుకెళ్ళాలి. సగం సిరా ఉంటే మిగతా సగంలోని గాలి పైకెళ్ళాక వ్యాకోచించి సిరాని పాళీలోంచి బయటికి నెడుతుంది, జేబు నీలమవుతుంది.

మధ్యాహ్నం రేవు పక్కన కూర్చుని రాయొచ్చు. ఇప్పిత్సుసెన్ అడ్డంగా తిప్పి, మొదటి వరుసలో వాతావరణం, రెండో వరుసలో కుశలం. మిగిలిన మూడు వరుసలు చాలకపోతే జబారా ఉంది.

పోస్టు డబ్బాకి రెండు నోళ్ళుంటాయి. ఎడమది దేశంలోపలి ఉత్తరాలకీ కార్డులకీ, కుడిది పెద్ద కవర్లకీ, తొందరవాటికీ, విదేశాలకి వెళ్ళేవాటికీ. ముందు భాగంలో అతికించిన పట్టికలో ఎన్నింటికి తీస్తారో మామూలు రోజులకీ, శనివారానికీ, ఆదివారానికీ విడివిడిగా ఉంటుంది. శనివారం వరుస చూసుకుని కుడి నోట్లో వేయాలి.